కొండ దిగుటకు ముందు

కొండ ఎక్కుటకు ప్రయత్నము కావలెను గాని, దిగుటకు ప్రయత్నమెందుకు అనుకొనుట మనకు అలవాటు. జారిన బండ తానే అడుగునకు చేరును గదా! నా మేనల్లుడు సరిగా ఈ మాటే అన్నాడు. "పైకి తీసుకెళ్ళేది వ్యాను, కిందికి తెచ్చేది మన బరువు. ఇక మధ్యలో ఆలోచించాల్సింది ఏముంది మామయ్యా?" అని. వానికి అప్పుడు ఇరువది నాలుగేండ్లు. సైకిలు మీద వాని ఒడుపు చూచి ముచ్చటపడుటయే గాని, ఆ ప్రశ్నకు ఆనాడు నావద్ద సమాధానము లేదు. ఒకే కొండను రెండుసార్లు దిగబోయి, ఒకసారి దెబ్బతిని, ఒకసారి నడుమనే మరలి వచ్చిన పిమ్మట కొంత సమాధానము దొరికినది. దానినే ఈనాడు మీకు చెప్పదలచినాను.

నేను అమెరికాలో ఉటా రాష్ట్రమునందలి సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగము చేయుచున్నాను. అక్కడి నుండి ఆగ్నేయముగా కారులో నాలుగు గంటలు పోయినచో మోయాబ్ అను చిన్న ఊరు వచ్చును. కొలరాడో నది చెంత, సముద్రమట్టమునకు సుమారు 4,000 అడుగుల ఎత్తున, ఎర్రని ఇసుకరాతి గోడల నడుమ ఉన్నది ఆ ఊరు. 1952లో చార్లీ స్టీన్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతమున గొప్ప యురేనియము నిక్షేపమును కనుగొన్నాడు. దానితో ఖనిజమును వెదకువారు జీపులు వేసికొని వచ్చి, మనుష్యుడు పోని చోటులందెల్ల బాటలు త్రొక్కినారు. ఆ వేడి చల్లారినది, బాటలు మిగిలినవి. 1969లో మోటారు సైకిళ్ళ వారు అక్కడి నున్నని బండలపై ఒక బాటను గుర్తించినారు. పిమ్మట త్రొక్కుడు సైకిళ్ళ వారు ఆ బాటలన్నిటిని తమవి చేసికొన్నారు.

సైకిలుతో కొండ దిగు ఆటకు పుట్టినిల్లు మాత్రము మోయాబ్ కాదు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ యందు, 1976 అక్టోబరు 21వ తేదీన, కొందరు కుర్రవారు పాత సైకిళ్ళపై ఒక మట్టిబాట వెంట పందెము వేసికొని దిగినారు. రమారమి రెండు మైళ్ళలో 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు పెడలు వెనుకకు త్రొక్కినచో పడు బ్రేకులు. అడుగునకు చేరుసరికి చక్రపు కుండలోని గ్రీజు కాలి పొగయై పోయెడిది. ప్రతి దిగుడు తరువాత కుండ విప్పి క్రొత్త గ్రీజు కూరవలసి వచ్చెడిది. ఆ 'మరల కూరుట' అన్న మాటయే ఇంగ్లీషున 'రీప్యాక్' అయి, ఆ బాటకు పేరుగా నిలిచిపోయినది. ఈ సంగతి ఇప్పుడెందుకు చెప్పుచున్నాననగా, కొండ దిగుటలో బరువు పని చేయుననుట నిజమే గాని, ఆ బరువును పట్టి ఆపుట ఎవరి పనియో ఆ పొగను చూచినవారికి తెలియును.

మేము దిగదలచిన బాట పేరు 'హోల్ ఎంచిలాడా'. ఎంచిలాడా యనగా మెక్సికో వారు మొక్కజొన్న రొట్టెలో కూర చుట్టి, కారపు పులుసు పోసి చేయు వంటకము. 'మొత్తము ఎంచిలాడా' యనుట అక్కడి జాతీయము. మనము పప్పు మొదలు పెరుగు వరకు అన్నట్లు. పేరు తగినదే. తూర్పున ఉన్న లాసాల్ పర్వతములలో, సుమారు 11,200 అడుగుల ఎత్తునున్న బర్రో కనుమ నుండి కొలరాడో నది వరకు, ఇరువది అయిదు మైళ్ళకు మించిన బాట. రమారమి 7,000 అడుగులు దిగవలెను. స్పానిష్ భాషలో బర్రో అనగా గాడిద, సాల్ అనగా ఉప్పు. చివరనున్న భాగము పేరు పోర్క్యుపైన్ రిమ్, అనగా ఏదుపంది అంచు. ఉప్పుకొండల మీది గాడిద కనుమలో బయలుదేరి ఏదుపంది ముళ్ళలో దిగుట అన్నమాట! పేర్లు పెట్టినవారు మనలను ముందుగానే హెచ్చరించినట్లున్నది.

ఈ బాట స్వభావము తెలిసినచో గాని మిగిలిన మాట అర్థము కాదు. పైన దేవదారు వంటి చెట్ల అడవి, వేళ్ళు తేలిన తడి మన్ను. దాని క్రింద ఆస్పెన్ చెట్ల తోపులు. సెప్టెంబరు చివర ఆకులన్నియు పసుపు ముద్దలు. ఇంకను క్రిందికి పొట్టి ఓక్ పొదలు, మెత్తగా మలుపులు తిరుగు బాట. సైకిలు తనంత తానే పాడుకొనుచు పోవును. పిమ్మట జీపు బాట. ఆ తరువాత అసలు సంగతి మొదలగును. పీఠభూమి అంచు వెంట ఒంటి బాట. ఒక ప్రక్క వందల అడుగుల లోయ, లోయలో కాసిల్టన్ శిఖరము స్తంభము వలె నిలిచి యుండును. రాతి మెట్లు, మెట్ల మీద ఇసుక. కొన్ని చోటుల ఎంతటివారైనను దిగి సైకిలును భుజాన వేసికొందురు. చిట్టచివరి మైళ్ళు అన్నిటికంటె కఠినము. ఆ భాగములో ప్రవేశించిన పిమ్మట వాహనము వచ్చు దారి లేదు, నీరు లేదు, ఫోను పనిచేయునన్న నమ్మకము లేదు. అనగా సులభమైనది ముందు, కష్టమైనది వెనుక. మనిషి సత్తువ మాత్రము దీనికి తలక్రిందులు. ముందు నిండుగా ఉండి, వెనుకకు పోను పోను తరుగును. పరీక్ష పత్రములో కఠినమైన ప్రశ్నలన్నియు చివర పెట్టి, వెలుతురు పోవుచుండగా వ్రాయుమన్నట్లు.

మూడేండ్ల క్రిందట సెప్టెంబరులో ఆరుగురము బయలుదేరితిమి. నేను, మేనల్లుడు, గుంటూరు నుండి వచ్చి అక్కడ స్థిరపడిన డాక్టరుగారు, ఆమె భర్త, కరీంనగరు మిత్రుడొకడు, మా పొరుగింటి అమెరికను పెద్దమనిషి. ఏర్పాట్లన్నియు నావి. ఏర్పాట్లనగా నేను చేసినది రెండే పనులు: వ్యానులో ఆరు చోటులకు సొమ్ము చెల్లించుట, హోటలులో గదులు తీసికొనుట. మిగిలినది కొండ చూచుకొనునని నా ధీమా.

ఆ దినము జరిగినది క్లుప్తముగా చెప్పెదను. తప్పు నాది గనుక పెంచి చెప్పుటకు మనస్సు రాదు. పైన ఫొటోలు తీసికొనుచు గంటన్నర పోగొట్టినాము. నడుమ బాట సుఖముగా ఉండెను గనుక ఎవరికిని గడియారము గుర్తు రాలేదు. మధ్యాహ్నము రెండు దాటగనే ఇద్దరి నీటి సంచులు ఒట్టిపోయినవి. కరీంనగరు మిత్రుడు అందరికంటె వెనుక వచ్చుచుండెను. మేము ప్రతి కూడలి వద్దను అతని కొరకు ఆగినాము, అది మా మర్యాద యనుకొన్నాము. చివరి భాగములో ఒక రాతి మెట్టు వద్ద అతడు పడినాడు. మెడయెముక విరిగినది. డాక్టరుగారు తన చున్నీతో చేతిని కట్టివేసినది. అతని సైకిలును మేము మార్చి మార్చి మోయుచు, అతనిని నడిపించుకొనుచు నది ఒడ్డున రోడ్డుకు చేరుసరికి నక్షత్రములు వచ్చినవి.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకొన్న తరువాత అతడు నాతో ఒక మాట అన్నాడు. "మీరందరు నాకోసం ఆగిండ్రు అన్నా, కాదనను. కాని నేను ఒక్కసారి కూడ ఆగలే. నేను వచ్చుడు, మీరు లేచి పోవుడు." నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వేగముగా పోవువాడు ప్రతి కూడలి వద్ద పది నిమిషములు కూర్చుండును. వెనుకవాడు రాగానే 'వచ్చినాడు, పదండి' అని లేచును. విశ్రాంతి అక్కరలేనివానికి విశ్రాంతి, అక్కరయున్నవానికి పరుగు! ఆరుగురము కలిసి పోయినామనుకొంటిమి గాని, నిజమునకు అయిదుగురు కలిసియు, ఒకడు ఒంటరిగాను పోయినాము.

మరుసటి శీతకాలములో మా భోజనాల బల్ల మీద పటము పరచి మరల కూర్చుంటిమి. ఈసారి లెక్క క్రింది నుండి పైకి వేసినాము. సెప్టెంబరు చివర మోయాబ్‌లో సూర్యాస్తమయము సాయంకాలము ఏడు దాటిన కొద్ది నిమిషములకు. నది వద్దకు ఆరింటికి చేరవలెను. చివరి భాగమునకు ముందు, శాండ్ ఫ్లాట్స్ అను రోడ్డు బాటకు దగ్గరగా వచ్చు చోటు ఒకటి కలదు. అక్కడి నుండి మోయాబ్‌కు పది మైళ్ళకు పైగా వాహనములు పోవు దారి. ఊరికి తేలికగా మరలుటకు అదియే కడపటి చోటు. అక్కడి నుండి నది వరకు మామూలుగా పట్టు కాలము కాక, పోయినసారి విరిగిన యెముకతో మాకు పట్టిన కాలము లెక్కలోనికి తీసికొన్నాము: నాలుగున్నర గంటలు. అనగా ఆ రోడ్డు వద్దకు మధ్యాహ్నము ఒంటిగంటన్నరకు చేరవలెను. చేరనిచో అక్కడనే ఆట ముగించి రోడ్డున ఇంటికి పోవలెను.

మేనల్లుడు దీనికి ఒప్పుకొనలేదు. "ప్రమాదం జరుగుతుందని ముందే అనుకుని లెక్క వేస్తే ఎప్పటికీ పూర్తి చేయలేం" అన్నాడు. అందులోను నిజమున్నది. కాని పోయినసారి మేము ప్రమాదము జరగదని అనుకొని లెక్క వేసినాము. కాదు, లెక్కయే వేయలేదు.

తక్కిన ఏర్పాట్లలో పెద్ద రహస్యములు లేవు. బర్రో కనుమ మీద మంచు జూన్ చివర వరకును, ఒక్కొక్క యేడు జులై వరకును నిలిచియుండును. జులైలో క్రింద ఎడారి వేడి నూరు డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర ఉండును. ఆ కాలమున మధ్యాహ్నములు పైన ఉరుములు మెరుపులు. కనుక పైన మంచు లేక, క్రింద మంట లేక ఉండు దినములు కొద్దియే. బయలుదేరుటకు ముందు దినము ఊరిలో సైకిలు దుకాణముల వారిని, వ్యానువారిని అడిగి తెలిసికొనవలెను. మంచు పడినచో వ్యానువారు పై భాగమును వదలి, క్రిందనున్న మరియొక చోట దింపుదురు. ఎత్తు సంగతి కూడ మరువరాదు. 11,000 అడుగుల మీద గాలి పీడనము సముద్రతీరమున ఉండుదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అందుచేత ముందు దినమే వచ్చి మోయాబ్‌లో పడుకొంటిమి. నీరు మనిషికి నాలుగు లీటర్లు అని నిర్ణయించినాము; డాక్టరుగారు ఉప్పు కూడ కావలెననుటచేత పులిహోర పొట్లములు కట్టుకొన్నాము. పొరుగింటి పెద్దమనిషి తన బిస్కట్లు మాని మా పులిహోర తినుట ఈ యాత్రలో నాకు మిగిలిన చిన్న గర్వము.

బ్రేకుల మాట మాత్రము కొంచెము నిలిచి చెప్పవలెను. మన ఘాట్ రోడ్లమీద పాతకాలపు లారీ డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగవలెనని చెప్పుదురు. బ్రేకు మీదనే ఆనుకొని దిగినచో అది కాలి పట్టు తప్పునని వారికి అనుభవము. సైకిలుకు ఇంజను లేదు గనుక ఆ ఉపాయము లేదు. మనిషియు సైకిలును కలిసి తొంబది కిలోలున్నారనుకొనుడు. 7,000 అడుగులు దిగుసరికి, కొండ అతని చేతికిచ్చు శక్తి అయిదు లీటర్ల చన్నీటిని మరగించుటకు చాలును. అందులో గాలికిని, చక్రములకును, రాళ్ళకును పోగా మిగిలినదంతయు రెండు చిన్న ఉక్కు బిళ్ళల మీదను, రెండేసి వ్రేళ్ళ మీదను పడును. బ్రేకును ఎడతెగక నొక్కియుంచినచో బిళ్ళ కాగును, నూనె మరుగును, పిడి మెత్తబడి లోపలికి పోవును. తగిన చోట గట్టిగా నొక్కి, పిమ్మట వదలివేయవలెను. ఇది నేర్చుకొన్న విద్య. భయపడినవాడు దీనికి విరుద్ధముగా చేయును. అందుచేత క్రొత్త బ్రేకు మెత్తలు వేయించుటయే గాక, ప్రతి కూడలిలోను చేతులు చాచి వ్రేళ్ళు ఆడించి చూచుకొనవలెనని నియమము పెట్టుకొంటిమి. వ్రేళ్ళు వణకుచున్నచో మనిషి అలసినట్లే. ముఖము చూచి కనిపెట్టలేము, నవ్వుచునే యుండును.

వరుస సంగతి కరీంనగరు మిత్రునికే వదలితిమి. అతడు కడపట వచ్చు కాపరిగా తానే ఉందునన్నాడు. దారి తెలిసిన పొరుగింటాయన ముందు. మేనల్లుడు రెండవవాడు, వానిని మొదట పెట్టినచో అందరి వేగమును వాడే నిర్ణయించునని భయము. కూడలిలో చివరి మనిషి వచ్చి, సైకిలు దించి, నీరు త్రాగిన తరువాత గడియారము చూచి అయిదు నిమిషములు. అవి గడచిన పిమ్మట, చివరి మనిషి 'పదండి' అన్నప్పుడే మొదటి మనిషి కదలవలెను. ఇంత చిన్న నియమము పోయినసారి మాకు తోచలేదు.

ఇక మరియొకటి. మనలో ఎవరు వద్దన్నను అది అందరి మాట. ఎందుకని అడుగరాదు, బతిమాలరాదు. ఈ నియమము డాక్టరుగారు పెట్టినది. "కొండ మీద ధైర్యం చెప్పడం అంటే ఎదుటివాళ్ళని సిగ్గుపెట్టడమే చాలాసార్లు" అన్నది ఆమె. దిగువ లోయను చూచుచు, స్నేహితులు వేచియుండగా, 'నాకు చేతకాదు' అని చెప్పుట రాతి మెట్టు దిగుటకంటె కష్టము. ఆ మాట ఇంటిలో బల్ల దగ్గర సులభముగా వచ్చును గనుక, అక్కడనే ముందుగా చెప్పించి పెట్టుకొనవలెను.

మరుసటి సెప్టెంబరులో మరల ఆరుగురము. ఉదయము తొమ్మిదింటికి పైన వ్యాను దిగితిమి. చలికి చెవులు నొప్పి పెట్టినవి. అయినను కనుమ వరకు కొంత ఎక్కవలసి యున్నది. పది అడుగులకొకసారి ఆగి ఆయాసము తీర్చుకొంటిమి. అంతయు లెక్క ప్రకారమే. ఆస్పెన్ తోపులలో మేనల్లుడు పాట అందుకొన్నాడు. జీపు బాట మీద నా వెనుక చక్రము ఒక పదునైన రాతికి తగిలి టైరు చీలినది. ట్యూబు వేసినాము, అదియు పోయినది. లోపల అట్టముక్క పెట్టి మరియొక ట్యూబు ఎక్కించుటకు నలుబది నిమిషములు పట్టినది. శాండ్ ఫ్లాట్స్ రోడ్డు దగ్గరకు వచ్చుసరికి రెండు గంటల పది.

ఎండ మెత్తగా ఉన్నది. ఆకాశమున మబ్బు తునక లేదు. ఎవరి వ్రేళ్ళును వణకలేదు. అందరివద్ద నీరున్నది. పోయినసారి పడిన మిత్రుడు అందరికంటె హుషారుగా ఉన్నాడు. ఇంకను అయిదు గంటల వెలుతురు. నాకు లోలోపల ఒక న్యాయవాది లేచినాడు. నలుబది నిమిషములే గదా, ఆ లెక్క విరిగిన యెముకతో వేసినది గదా, ఈ దినము ఎవరికి ఏమైనది గనుక! "ఒక్కమాట..." అని నేను ఆరంభించితిని. నియమము వ్రాసినవాడను నేనే. చక్రము పగిలినదియు నాదే. నావలన ఆరుగురి దినము చెడినదన్న సిగ్గు నాచేత ఆ మాట పలికించుచున్నదని ఆ క్షణమున నాకు తెలియలేదు.

మేనల్లుడు తన చేతి గడియారము నా ముఖము ముందు పెట్టినాడు. "రెండూ పది, మామయ్యా" అన్నాడు. అంతే. సైకిలు త్రిప్పి రోడ్డు వైపు నడిచినాడు. వాని ముఖము నేను చూడలేదు, చూపించలేదు వాడు.

రోడ్డు వెంట దుమ్ములో పది మైళ్ళకు పైగా దిగి ఊరు చేరినాము. ఆ సాయంకాలము వాన రాలేదు. ఈదురుగాలి లేదు. ఏడు గంటల వరకు నది మీద వెలుతురు చక్కగా నిలిచియున్నది. మేము పోయియున్నచో బహుశా క్షేమముగానే చేరియుందుము. ఆ సంగతి భోజనము వేళ అందరికిని తెలియును, ఎవరును అనలేదు. కరీంనగరు మిత్రుడు మాత్రము, "ఇయ్యాల నేను అన్ని చోట్ల కూసున్న" అని చెప్పి నవ్వినాడు.

వచ్చు సెప్టెంబరునకు మరల వ్యానులో ఆరు చోటులు తీసికొన్నాము. క్రొత్త లెక్క మేనల్లుడే వేసి పంపినాడు. అందులో బయలుదేరు వేళ ఒక గంట ముందుకు జరిగినది. జీపు బాట ప్రక్కన ఎర్ర సిరాతో ఒక వరుస చేర్చియున్నాడు: 'మామయ్య టైరు, 40 నిమిషములు.'